వాపసు తీసికొనబడదట!

“అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు” అను వాక్యమును మన హోసూరు అంగళ్ల గోడలమీదను, రసీదుల అడుగునను చూడనివారుండరు. తమిళములోనో, కన్నడములోనో, ఇంగ్లీషులోనో అచ్చు వేసిన యీ మాటను మనవారు శాసనముగా నెంచి నోరు మూసికొనుచున్నారు. అది వర్తకుని కోరికయే గాని శాసనము కాదు.

మా యెరుకలోని సంగతి యొకటి చెప్పెదము. మా విద్యార్థి తండ్రి యొకరు ఇంట పెండ్లి నిమిత్తము బెంగుళూరిలో తగ్గింపు ధరకు మంచము కొనిరి. టేకు అని చెప్పి అమ్మిరి. మార్పిడి లేదనియు చెప్పిరి. రెండు వారములు గడువకముందే కోళ్ల క్రింద తెల్లని పొడి రాలసాగెను. వడ్రంగి గీకి చూచి, ఇది టేకు కాదు, పుప్పి పట్టిన వేరొక కర్ర, రంధ్రములను మైనముతో పూడ్చి పాలిషు పట్టించినారనెను. ఆయన బస్సెక్కి అంగడికి పోగా బిల్లు అడుగున నున్న వాక్యమును చూపి పంపివేసిరి. “మా రాత, అయ్యవారూ” అని మాతో ననిరి. ఆ మాట మమ్ము మంచముకన్న నెక్కువ నొప్పించినది.

టేకు అని చెప్పి అమ్మిన కర్ర టేకే కావలెనని 1930 నాటి వస్తు విక్రయ చట్టమే చెప్పుచున్నది. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము ఇంకను ముందుకు పోయినది. లోపముగల వస్తువును బిల్లులో వ్రాసిన గడువులోగా, గడువు వ్రాయనిచో 30 దినములలోగా తిరిగి తీసికొని పైకము చెల్లించుటకు నిరాకరించుట అనుచిత వర్తక పద్ధతి. బిల్లు ఇయ్యకుండుటయు నట్టిదే.

వర్తకుల పక్షమునను ఒక మాట చెప్పవలెను. గీతను, పగులును ముందుగా చూపి, అందుకే ధర తగ్గించితిమని చెప్పి అమ్మినచో, పిమ్మట ఆ గీతకే తగవులాడుట న్యాయము కాదు. ఇంటికి తెచ్చిన తరువాత రంగు నచ్చలేదనుటయు లోపము క్రిందికి రాదు. దాచిన పుప్పి మాట వేరు.

సరిహద్దున నున్న మనకు ముఖ్యమైన దింకొకటి కలదు. బెంగుళూరిలో కొన్నదానికి బెంగుళూరిలోనే ఫిర్యాదు చేయనక్కరలేదు. కొన్నవారు నివసించు జిల్లాలోనే, అనగా మనకు కృష్ణగిరిలోనే, జిల్లా వినియోగదారుల కమిషనులో రెండు సంవత్సరములలోగా వేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలు ఉండితీరవలెనన్న నియమము లేదు. అంతకు ముందు సలహాకై 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

తల్లిదండ్రులారా, బిల్లు అడిగి తీసికొనుడు; టేకు అన్నచో టేకు అని దానిపై వ్రాయించుడు. చదువ రానిచో మీ పిల్లలచేత చదివించుకొనుడు. పొరుగు భాషలు వారికి మనకన్న బాగుగా వచ్చును.

ఆ తండ్రికొరకు ఉత్తరము వ్రాసినది తొమ్మిదవ తరగతి చదువుచున్న ఆయన కుమారుడే. మేము రెండు తప్పులు దిద్దితిమి, అంతే. బిల్లు నకలును, పొడి రాలిన కోళ్ల ఫొటోలను జతచేసి స్పీడు పోస్టులో పంపిరి. పండ్రెండవ నాడు అంగడి బండి వేరొక మంచముతో వాకిట నిలిచెను. దింపనిచ్చుటకు ముందు ఆయన నాలుగు కోళ్లను త్రిప్పి చూచెనట.