వరహా బేరంలో తొందర తగదు

కొండాపురం: మచ్చు చేతిలో పడనిదే ధాన్యానికైనా, మిరపకైనా ధర పలకడం వర్తకుల అలవాటు కాదు. అటువంటివారిలోనే సెల్‌ఫోనులో బొమ్మ చూసి పాత నాణేలకు సొమ్ము పంపేవారు లేకపోలేదు. ధ్రువపత్రం లేని నాణెం కొనదగినదా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. లోహం విలువ మేరకు కొనవచ్చు. ఆపైన ఇచ్చే ప్రతి రూపాయికీ రుజువు కావాలి.

ఈ ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ బాలకృష్ణ వరహా. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించాడు. ఆయన బంగారు నాణెంపై కూర్చున్న బాలకృష్ణుని రూపం ఆ విజయానికి గుర్తని చరిత్రకారులు చెబుతారు. వెనుకవైపు నాగరి లిపిలో మూడు వరుసలుగా రాయల పేరు ఉంటుంది. వరహా తూకం సుమారు 3.4 గ్రాములు, అర వరహా 1.7 గ్రాములు.

తూకం సరిపోయినంత మాత్రాన బేరం ముగిసినట్లు కాదు. గీటురాయి వన్నె చెబుతుంది గాని వయస్సు చెప్పదు. మేలిమి బంగారంతోనే కొత్తగా అచ్చు వేస్తే త్రాసూ, గీటురాయీ రెండూ మోసపోతాయి. చేతి దెబ్బతో అచ్చు వేసిన కాలపు నాణేల్లో ఏ రెండింటికీ ముద్ర ఒకేచోట పడదు. రెండు నాణేలపై ఒకే గాటు, ఒకే సొట్ట కనిపించినా, అంచున అతుకు గీత ఉన్నా అవి పోతపోసినవని అనుమానించాలి.

వెండి రూపాయల్లో లెక్క మరింత సులువు. 1939 వరకు బ్రిటిష్ ఇండియా రూపాయి తూకం 11.66 గ్రాములు, అందులో మేలిమి వెండి సుమారు 10.69 గ్రాములు. 1940 నుండి 1945 వరకు వచ్చిన వాటిలో తూకం అదే అయినా వెండి సగమే, అంటే 5.83 గ్రాములు. 1947 నాటిది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1944 రూపాయిని విక్టోరియా రూపాయి ధరకు కొన్నవాడు చేతులారా సగం పోగొట్టుకున్నట్లే. 1939 రూపాయి బాగా అరుదైనది గనుక, 1938లోని 8ని 9గా దిద్దినవి కూడా చేతులు మారుతుంటాయి. ఆ అంకెను భూతద్దంతో చూడనిదే పైకం ఇవ్వరాదు.

విదేశీ సంస్థలు నాణేన్ని 1 నుండి 70 వరకు శ్రేణి కట్టి ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇస్తాయి. ఆ డబ్బీలకూ నకిలీలు వచ్చాయి. మన బజారులో ఎక్కువ నాణేలు ఏ పత్రమూ లేకుండానే చేతులు మారతాయి. పత్రం లేకపోవడం నేరం కాదు. అయితే అనుమానం భారం అమ్మేవాడు మోయాలి. బిల్లు ఇవ్వాలి, పరీక్షలో తేలకపోతే వాపసు తీసుకుంటానని రాసివ్వాలి. దానికి ఒప్పుకోనివానితో బేరం మానుకోవడమే లాభం.

'పొలం దున్నుతుంటే దొరికింది' అనే కథ విన్న చోట మరింత జాగ్రత్త అవసరం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేలతో వ్యాపారం చేయడానికి 1972 చట్టం కింద లైసెన్సు కావాలి. కథ నిజమైతే చట్టం అడ్డు. అబద్ధమైతే సరుకే నకిలీ. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని పాత నాణేల క్రయవిక్రయాలకు కమీషను, పన్ను అడిగేవారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

అతి అనుమానమూ నష్టమే. 1780 దశకంలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వగా చిన్న గుడి శిథిలం, దాని కింద కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిని పాత బంగారంగా అమ్మగా చాలా భాగం కరిగిపోయాయి. ముప్ఫైకి పైగా మిగిలాయని మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ రాశాడు. వాటిలో కొన్ని టంకశాల నుండి నిన్ననే వచ్చినంత కొత్తగా ఉన్నాయట. అడిగి తెలుసుకునే ఓపిక అమ్మినవానికీ లేకపోయింది, కొన్నవానికీ లేకపోయింది. నేటి వర్తకునికి కావలసింది ఆ ఓపికే: ముందు నాణెం చేతికి రావాలి, తర్వాత తూకం, వన్నె, అచ్చు చూడాలి, పైకం చిట్టచివర.