తాబేళ్ల లెక్కలో లోపించినది

ఆస్ట్రేలియా ఈశాన్యమున, గ్రేట్ బారియర్ రీఫ్ అను ప్రవాళశ్రేణి ఉత్తరపు అంచున, రెయిన్ అను నిర్జనమైన చిన్నదీవి కలదు. ఆకుపచ్చ సముద్రతాబేళ్లు పురిటికి పుట్టింటికి వచ్చినట్లు వేలకొలది అచటికి వచ్చి గ్రుడ్లు పెట్టును. ఒడ్డెక్కిన తాబేళ్ల చిప్పలపై పరిశోధకులు తెల్లని చార గీచి, పిదప డ్రోనుతో నీటిలోని గుంపులను చిత్రించి, చార గలవానికిని లేనివానికిని గల నిష్పత్తినిబట్టి లెక్కగట్టిరి. 2019 డిసెంబరులో దీవిచుట్టు 64,000 వరకు తేలినవి. పడవలనుండి కట్టిన పాతలెక్కలు చాల తక్కువవనియు తెలిసినది. ఆ చిత్రములు చూచి లోకము మురిసినది. అది తొందరపాటు.

ఈ తాబేలు ఈడేరుటకు సుమారు 30 ఏండ్లు పట్టును. కావున నేటి తల్లులు వెనుకటి తరము పంట. హాజరుపట్టీ చూచి పరీక్షాఫలితములు చెప్పగల ఉపాధ్యాయు డెవడు? పోటునీరు గూళ్లలో చొచ్చి గ్రుడ్లు మురిగిపోవుచుండుటచేతనే 2014 నుండి ఆ దీవిలో ఇసుకను ఎత్తుచేయవలసివచ్చినది. అంతేకాదు, పిల్ల ఆడుదో మగదో నిర్ణయించునది ఇసుక వేడిమి. వేడి హెచ్చినకొలది ఆడుపిల్లలే పుట్టును. రీఫ్ ఉత్తరభాగమున పుట్టిన ఎదుగుతాబేళ్లలో నూటికి 99 ఆడువేనని 2018లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఇట్లగుచో మగవి కరవగుచుండగనే తల్లుల సమ్మర్దము మరికొంతకాలము పెరుగుచు కనబడవచ్చును!

తల్లులను లెక్కించుట మానవలెనని కాదు. ఆ తీరమున రాత్రులు గడపువారి శ్రమ వందనీయమే. కాని పిల్లలైన గ్రుడ్లెన్ని, సముద్రము చేరిన పిల్లలెన్ని, ఇసుక వేడి యెంత అను గడులు నింపని పట్టికను శుభవార్తగా ప్రకటింపరాదు. తల్లులను డ్రోను చూపగలదు. మురిగిన గ్రుడ్డును చూచుటకు మాత్రము మనుష్యుడు మోకాళ్లపై కూర్చుండి ఇసుకను చేతులతో త్రవ్వవలసియున్నది.