పాత టార్చి బేరంలో చెప్పని మాట

ఎద్దును అమ్మేవాడు నోరు తెరిపించి పళ్లు చూపిస్తాడు. పాత సైకిలు అమ్మేవాడు ఒక చుట్టు తొక్కి చూడమంటాడు. పాత టార్చిలైటు అమ్మేవాడు మాత్రం బటను నొక్కి, గోడమీద వెలుగు వేసి, డబ్బు పుచ్చుకుని వెళ్లిపోతున్నాడు. కొన్నవాడికీ అంతకుమించి అడగాలన్న ఆలోచన రావడం లేదు.

ఈ రోజుల్లో టార్చి అంటే మూరెడు ఇత్తడి గొట్టం కాదు. గుప్పెట్లో ఇమిడిపోయే ఎల్.ఇ.డి. లైటు. చొక్కా జేబుకు తగిలించుకునే క్లిప్పు, ఫోనుకు పెట్టే తీగతోనే ఛార్జింగు. పట్నంలో చదువుకునే కుర్రవాడు ముచ్చటపడి కొంటాడు. ఏడాదీ రెండేళ్లూ వాడాక మరో మోడలు మీద మనసు పోతుంది. పాతది ఊళ్లో ఎవరికో సగం ధరకు, ఇంకా తక్కువకు ఇచ్చేస్తాడు. ఇందులో తప్పేమీ లేదు. పనికొచ్చే వస్తువు చెత్తలో పడకుండా మరొకరి చేతికి పోవడం మంచిదే. వచ్చిన చిక్కల్లా ఆ రెండో చెయ్యి ఎవరిదన్నదే. మొదటివాడు దాన్ని గదిలో కిందపడిన తాళంచెవి వెతకడానికి వాడాడు. రెండోవాడు కాలువ వంతు వచ్చిందని అర్ధరాత్రి గట్టు మీద నడవడానికి కొన్నాడు.

గట్టు మీద ఏముంటుందో కృష్ణా జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంతగా ప్రబలాయంటే, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి బాధితులు వరుసగా వచ్చారు. ఆ నెల 29న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగమే జరిపించారు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాల జాబితాలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. వీటిలో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. సరిగ్గా నాట్లూ నీటి వంతులూ నడిచే కాలం. కట్లపాము రాత్రి పూటే తిరుగుతుంది. అడుగు వేయబోయే చోటు కనబడటమే అక్కడ మొదటి రక్షణ.

ఇక లైటు సంగతి. పాతకాలపు టార్చిలో మూడు సెల్లులు వేస్తే, అవి అయిపోతున్నప్పుడు బల్బు ముందు పచ్చబడేది, తరువాత ఎర్రబడేది. ఇంటికి తిరిగి రమ్మని అది ముందే చెప్పేది. అందుకే గోడమీద వెలుగు చూసి బేరమాడే అలవాటు ఏర్పడింది. తెల్లగా వెలిగితే సెల్లులు బాగున్నట్లే లెక్క. నేటి లిథియం సెల్లు వేసిన లైట్లలో చాలావాటికి ఈ లెక్క చెల్లదు. లోపలి సర్క్యూటు చివరిదాకా వెలుగును నిలబెట్టి, సెల్లు ఖాళీ కాగానే ఒక్కసారిగా ఆర్పేస్తుంది. కొన్నింటిలో చిన్న ఎర్రదీపం వెలిగి హెచ్చరిక ఇస్తుంది, కొన్నింటిలో అదీ లేదు. నాలుగు గంటలు వెలగవలసిన లైటు నలభై నిమిషాలకే ఆరిపోయే స్థితిలో ఉన్నా, కొట్టు ముందు రెండు నిమిషాల పరీక్షలో రెండూ ఒకేలా ధగధగలాడతాయి.

లిథియం సెల్లును మూడు వందల నుంచి అయిదు వందల సార్లు ఛార్జి చేసేసరికి దాని సత్తువలో సుమారు అయిదో వంతు పోవడం మామూలే. ఎండలో, మోటారు షెడ్డు రేకుల కింద వేడిలో పెడితే ఇంకా త్వరగా పోతుంది. సెల్లు మీద అచ్చువేసిన అంకెలు చూసి మోసపోవడం మరో తంతు. వేలెడు పొడవుండే 18650 రకం సెల్లు మంచి కంపెనీదైనా 3500 ఎం.ఎ.హెచ్. దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ సైజు సెల్లు మీద 9900 అని రాసి ఉంటే, ఆ అంకె వేసినవాడి ధైర్యానికి మెచ్చుకోవాలే గాని నమ్మకూడదు. ఇక చౌకరకం సీసం బ్యాటరీ లైట్లయితే, ఛార్జింగు లేకుండా నెలల తరబడి మూలన పడేస్తే మళ్లీ ఛార్జి పట్టవు. అలాంటిది అసలు కొనకపోవడమే మేలు.

రెండు వందల పాత వస్తువుకు హామీ కూడానా అని అమ్మేవారు అనవచ్చు. చట్టం కూడా కొంతవరకు వారి పక్షానే ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం వస్తువు బాగోగులు చూసుకోవలసింది ప్రధానంగా కొనేవాడే. తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపుచ్చితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని మోసమంటుంది గాని, ఊరికే మౌనంగా ఉంటే సాధారణంగా అనదు. సరే, గొడ్డలి బేరంలో ఆ మౌనం సరిపోతుంది. కామా విరిగిందా లేదా కళ్లకే కనబడుతుంది. సెల్లు లోపలి సత్తువ కంటికి కనబడేది కాదు. అది తెలిసింది ఇన్నాళ్లూ వాడినవాడికే. ఆ మాట అతడు చెప్పకపోతే చెప్పేవారెవరు?

అడుగుతున్నది పెద్ద పనీ కాదు. అమ్మే ముందు రాత్రి లైటును నిండా ఛార్జి చేయాలి. మధ్యరకం వెలుగులో పెట్టి, గడియారం చూసి, ఎంతసేపటికి ఆరిందో చూడాలి. పూర్తి వెలుగులో పెడితే ఈ చిన్న లైట్లు వేడెక్కి కొద్ది నిమిషాల్లోనే తమంతట తాము వెలుగు తగ్గించుకుంటాయి కనుక ఆ లెక్క కుదరదు. తేలిన గంటలు, కొన్న సంవత్సరం ఒక చీటీ మీద రాసి లైటుకు అంటించి అమ్మితే బేరం పోదు. రెండున్నర గంటలు వెలుగుతుందని తెలిస్తే రైతు రెండు గంటల పనికే తీసుకువెళతాడు. సెల్లు మార్చే వీలున్న రకమైతే కొత్త సెల్లు వేసి, దాని ధర కలిపి అడగడం ఇంకా మంచిది. కొనేవాడు కూడా పది రూపాయలు తగ్గించమని అరగంట వాదించే బదులు, ఒక రాత్రి ఇంటికి తీసుకువెళ్లి వెలిగించి చూసి డబ్బిస్తానని అనవచ్చు. ఒకే ఊరివాళ్లు, కాదనేవారు తక్కువ.

ఉబ్బిన సెల్లు, నీళ్లలో పడి తుప్పుపట్టిన సెల్లు ఉన్న లైటును మాత్రం ఏ ధరకూ అమ్మకూడదు. అవి ఛార్జింగులో ఉండగా అంటుకునే ప్రమాదముంది, చాలా ఇళ్లలో ఛార్జింగు పెట్టేది మంచం పక్కనే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాడైన బ్యాటరీని మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలి. పంచాయతీ చెత్తబండి వచ్చినప్పుడు దాన్ని వేరే పొట్లం కట్టి, ఏమిటో చెప్పి ఇవ్వాలి.