మట్టిలో ఫెరారీ

1978 ఫిబ్రవరి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఓ ఇంటి పెరడు. పోలీసులు తవ్వుతున్నారు. పారలతో పని కాదని చివరికి యంత్రాన్నే రప్పించారు. చుట్టూ జనం. గోతిలోంచి మెల్లమెల్లగా బయటపడింది... శవం కాదు, లంకెబిందె కాదు. కారు! ఆకుపచ్చ రంగు ఫెరారీ డినో 246 జీటీఎస్.

కూపీ లాగితే దాని జాతకం తేలింది. 1974 అక్టోబరులో ఒకాయన భార్య పుట్టినరోజుకు కానుకగా కొన్నాడు. డిసెంబరులో దంపతులిద్దరూ హోటల్లో భోంచేసి బయటికొచ్చేసరికి బండి లేదు. బీమా కంపెనీ 22,500 డాలర్లు చెల్లించి ఫైలు మూసేసింది. మూడేళ్లు దాటాక ఇదిగో, ఇలా పెరట్లో మొలకెత్తింది. ఎవరు పాతిపెట్టారు? ఎందుకు? చాలా ఏళ్ల తర్వాత వెలుగులోకి వచ్చిన కథనం ప్రకారం, అదంతా బీమా సొమ్ము కోసం ఆడిన నాటకం. కారును ముక్కలు చేసి ఆనవాళ్లు లేకుండా చేయమని దొంగలకు పని అప్పగించారట. తీరా దాన్ని చూశాక వాళ్లకు చేతులు రాలేదు. ఎప్పటికైనా తవ్వి తీసుకోవచ్చులే అని గొయ్యి తీసి దాచారు. మట్టీ నీళ్లూ లోపలికి పోకుండా సందుల్లో తువ్వాళ్లు కూడా కుక్కారు!

డబ్బు పెట్టి కొన్న మనిషేమో వదిలించుకుంటే చాలనుకున్నాడు. దొంగలకేమో గీత పెట్టడానికి కూడా మనసొప్పలేదు. పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కార్ల సంగతి ఎక్కడ తీసినా ఈ రెండు రకాల మనుషులూ తగులుతారు.

ఇంతకీ ఆ డినో ఎవరు? ఫెరారీ కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ పెద్ద కొడుకు. అసలు పేరు ఆల్ఫ్రెడో. ముద్దుగా ఆల్ఫ్రెడీనో, చివరికి డినో. ఇంజినీరింగ్ చదివాడు. కండరాలు క్షీణించే జబ్బుతో మంచం పట్టాడు. ఆ మంచం మీద నుంచే తండ్రితోనూ, విట్టోరియో యానో అనే పెద్ద ఇంజినీరుతోనూ కొత్త ఆరు సిలిండర్ల ఇంజిన్ గురించి చర్చించేవాడని చెబుతారు. 1956లో 24 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ ఇంజిన్లకు తండ్రి కొడుకు పేరే పెట్టుకున్నాడు. తర్వాత కారుకూ అదే పేరు. బానెట్ మీద ఫెరారీ గుర్రం బొమ్మ లేదు. చేత్తో రాసినట్టుండే 'డినో' అన్న అక్షరాలే.

గుర్రం లేకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. ఫెరారీ అంటే 12 సిలిండర్లు ఉండాలన్నది అప్పటి లెక్క. పైగా ఇంజిన్ను డ్రైవరు వెనక పెట్టడం మామూలు కొనుగోలుదారులకు ప్రమాదమని ఎంజో భయం. అందుకే ఆరు సిలిండర్లతో, నడుమ ఇంజిన్‌తో వచ్చిన ఈ చిన్న కారును వేరు కాపురం పెట్టించాడు. కంపెనీ వేసిన కరపత్రంలోనే ఇది 'దాదాపు ఫెరారీ' అని రాసుకున్నారు. కారు అమ్మేవాళ్లే 'దాదాపు' అంటే కొనేవాళ్లు ఊరుకుంటారా? ఏళ్ల తరబడి డినోకు సవతి బిడ్డ హోదాయే మిగిలింది. కొందరు యజమానులు బజారు నుంచి గుర్రం బొమ్మలు తెచ్చి అతికించుకున్నారు. ఇప్పుడు? చక్కగా ఉన్న 246 కావాలంటే 3 కోట్ల రూపాయలు పైమాటే. అతికించిన బొమ్మల్ని పీకి, అసలు అక్షరాల్ని వెతికి పెట్టుకుంటున్నారు!

అసలు విచిత్రం ఇంజిన్‌ది. 1967 నుంచి ఫార్ములా-2 పందేల్లో పాల్గొనాలంటే, ఏడాదిలో కనీసం 500 మామూలు కార్లలో అమర్చిన ఇంజిన్‌నే వాడాలన్నారు. ఏటా 500 ఇంజిన్లు తయారుచేసే స్తోమత అప్పటి ఫెరారీకి లేదు. ఫియట్ తలుపు తట్టింది. అలా పుట్టింది ఫియట్ డినో. 1966లో మొదట స్పైడర్, మరుసటేడు కూపే. ఫెరారీ డినోలో ఉన్నదీ అదే వంశపు ఇంజిన్. తర్వాత ఆ గుండెనే లాంచియా కంపెనీ స్ట్రాటోస్ అనే ర్యాలీ కారులో పెట్టింది. అది 1974, 75, 76... వరసగా మూడేళ్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ తెచ్చిపెట్టింది. తయారైనవి 492 మాత్రమే.

ఒకే ఇంజిన్, మూడు ఒళ్లు, మూడు బ్యాడ్జీలు. మరి ధర? స్ట్రాటోస్ డినోను మించిపోయింది. ఫియట్ డినో కూపే మాత్రం ఫెరారీ డినో ధరలో పదో వంతుకు అటూ ఇటూ! అందులో నలుగురు కూర్చోవచ్చు. ఇంజిన్ ముందుంటుంది కాబట్టి సామాను పెట్టుకోవడానికి డిక్కీ కూడా ఉంది. చెవులు మూసుకోనక్కర్లేదు, కళ్లు మూసుకుంటే చాలు... ఫెరారీలో ఉన్నట్టే. అయినా ముందు భాగంలో 'ఫియట్' అని ఉండటం దాని పాపమైపోయింది. ఆ పాపానికి శిక్ష కూడా పడింది. కొన్ని ఫియట్ డినోల గుండెలు కోసి వేరే కార్లకు అమర్చారు. ఇంజిన్ పోయాక మిగిలిన ఒళ్లు పాతసామాన్ల కొట్టుకు పోయింది. నిజం చెప్పాలంటే, ఈ మూడింట్లో ఇంటిల్లిపాదీ కలిసి ఊరెళ్లగలిగిన కారు అదొక్కటే.

సరే, డినోల సంగతి కోటీశ్వరులకు వదిలేద్దాం. మధ్యతరగతి ఇటాలియన్, లేదా అమెరికాలో నాలుగు డాలర్లు వెనకేసుకున్న ఉద్యోగి దేన్ని చూసి మనసు పారేసుకుంటాడు? సాధారణంగా రెండు పేర్లు వినిపిస్తాయి. ఆల్ఫా రోమియో స్పైడర్, ఫెరారీ 308.

స్పైడర్ 1966లో వచ్చింది. మరుసటి ఏడాదే 'ద గ్రాడ్యుయేట్' సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ నడిపాడు. దాంతో దశ తిరిగింది. 1990ల తొలినాళ్ల వరకూ చిన్నచిన్న మార్పులతో తయారవుతూనే ఉంది. మొత్తం లక్షా ఇరవై వేలకు పైనే. ఇన్ని కార్లున్నాయంటే విడిభాగాలూ దొరుకుతాయి, రిపేరు తెలిసినవాళ్లూ దొరుకుతారు. పైగా దీని ఇంజిన్‌లో పైనున్న షాఫ్టుల్ని తిప్పేది చైను. రబ్బరు బెల్టు కాదు. ఈ చిన్న తేడా విలువ తెలియాలంటే 308 యజమానిని అడగాలి.

308ని 1975లో పారిస్ ప్రదర్శనలో చూపించారు. పినిన్‌ఫరీనా కంపెనీ గీసిన ఆ వంపులకు ఫిదా కానివాళ్లు లేరు. 1980లో మొదలైన అమెరికన్ టీవీ సీరియల్ 'మాగ్నమ్ పీఐ'లో ఎర్రటి 308 వేసుకుని టామ్ సెలెక్ తిరుగుతుంటే ఒక తరం పిల్లలంతా దాని పోస్టర్ గోడకు అంటించుకున్నారు. ఆ పిల్లలే పెద్దయ్యాక చెక్కు పుస్తకం పట్టుకుని బయల్దేరారు. అప్పుడు తెలుస్తుంది బెల్టు సంగతి. కారు నడిపినా, నడపకపోయినా కొన్నేళ్లకోసారి టైమింగ్ బెల్టు మార్చాల్సిందే. మార్చకపోతే ఏమవుతుంది? ఏదో ఒకరోజు తెగుతుంది. పైకీ కిందకీ ఆడే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వుల్ని గుద్దుతాయి. ఇంజిన్ మొత్తం విప్పాలి. 308లో కనీసం ఇంజిన్ ఉన్నచోటే ఉంచి బెల్టు మార్చొచ్చు. దాని వారసులుగా వచ్చిన 348, ఎఫ్355ల్లో అయితే బెల్టు కోసం ఇంజిన్‌నే కిందికి దించాలి! ఆ బిల్లుతో మన దగ్గర ఓ చిన్న కారు కొనుక్కోవచ్చు. అంతచేసీ, ఎఫ్355 లోపలి ప్లాస్టిక్ మీటలు కాలం గడిచేకొద్దీ బెల్లప్పాకంలా వేళ్లకు అంటుకుంటాయి.

308కి ఓ తమ్ముడున్నాడు, మనవాళ్లకు బాగా అర్థమయ్యే తమ్ముడు. అప్పట్లో ఇటలీలో ఇంజిన్ 2,000 సీసీ దాటితే అమ్మకపు పన్ను బాదేవారు. అందుకని ఫెరారీవాళ్లు ఎనిమిది సిలిండర్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, వాటిని చిన్నవి చేసి 208 అని ఒకటి ఇటలీ కోసం తయారుచేశారు. గుర్రం గుర్రమే గానీ దాణా తగ్గించారన్నమాట. ఊపు సరిపోవట్లేదని గొణుగుతుంటే 1982లో టర్బో తగిలించారు. మన దగ్గర పొడవు 4 మీటర్లు దాటితే పన్ను పెరుగుతుందని కార్ల తోకలు కత్తిరించిన వైనం గుర్తుకురావట్లేదూ!

కొనేటప్పుడు చవగ్గా కనిపించి తర్వాత పీక్కుతినే రకాలూ ఉన్నాయి. 1981లో వచ్చిన మసెరాటి బైటర్బో అలాంటిదే. రెండు టర్బోలతో అమ్మకానికి వచ్చిన మొదటి కారన్న పేరుంది. పాడవడంలోనూ అంతే పేరుంది. పావలా కోడికి ముప్పావలా మసాలా!

లంబోర్గిని కౌంటాష్‌ది ఇంకో లోకం. ట్రాక్టర్లు తయారుచేసి పైకొచ్చిన ఫెరూచో లంబోర్గిని 1963లో పెట్టిన కంపెనీ అది. కౌంటాష్ నమూనాను 1971లో జెనీవాలో చూపించినప్పుడు జనం నోరెళ్లబెట్టారు. తలుపులు పక్కకు కాదు, పైకి లేస్తాయి. మార్చెల్లో గాందీనీ గీసిన ఆ ఆకారం 1990 దాకా తయారైంది. గోడమీద పోస్టరుగా దానికి సాటిలేదు. ఇంటిముందు కారుగా మాత్రం... వెనక ఏముందో కనపడదు. రివర్సు చేయాలంటే తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని, మెడ బయటపెట్టి వెనక్కి చూస్తూ నడపాలి. అద్దం పూర్తిగా దిగదు. వీపు వెనకే 12 సిలిండర్ల కుంపటి. మన మే నెల ఎండలో దాన్ని ఊహించుకోండి.

ఎండ అంటే గుర్తొచ్చింది. ఇటాలియన్ కారు మనకు కొత్తేమీ కాదు. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100, తర్వాత పద్మినిగా పేరు మార్చుకున్న అదే బండి మన డాక్టర్లకూ, ప్లీడర్లకూ దశాబ్దాలపాటు వాహనం. వేసవిలో పెట్రోలు ఆవిరై బండి మొరాయిస్తే పంపు మీద తడిగుడ్డ వేసి చెట్టుకింద కాసేపు ఆగడం తెలియని పాతకాలపు డ్రైవరుంటాడా? బొంబాయి ట్యాక్సీగా దాని ప్రయాణం 2023 అక్టోబరులో ముగిసింది. 1985లో వచ్చిన ప్రీమియర్ 118ఎన్ఈ కూడా సగం ఇటాలియనే. ఒళ్లు ఫియట్ 124ది, ఇంజిన్ నిస్సాన్‌ది. అదే 124 ఇంటిపేరుతో ఇటలీలో అందమైన టాప్‌లేని స్పైడర్ ఒకటి దాదాపు 2 లక్షలు తయారైంది. దాని ఇంజిన్ గీసిన ఆరేలియో లాంప్రెడీ అంతకుముందు ఫెరారీలో పనిచేసినవాడే.

ఈ కార్లన్నిటికీ ఉమ్మడి శత్రువు తుప్పు. 1960లు, 70ల్లో తుప్పు పట్టకుండా రేకుకు వేసే పూత మీద ఇటలీ కంపెనీలు పెద్దగా శ్రద్ధ పెట్టలేదు. లాంచియా బీటా అనే కారులో ఇంజిన్‌ను మోసే చట్రానికే తుప్పు పట్టిందని 1980లో బ్రిటన్‌లో గొడవ రేగి, కంపెనీ కార్లను వెనక్కి కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ దెబ్బతో అక్కడ లాంచియా మళ్లీ కోలుకోలేదు. 308ల్లో మొదటి రెండేళ్లవి ఫైబర్ ఒంటితో వచ్చాయి. వాటికి గిరాకీ ఎక్కువ ఉండటానికి అదొక కారణం.

డబ్బు పెరుగుతుందని కొనేవాళ్ల కథ వేరు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ పోయాక ఆయన కార్ల ధరలు చుక్కలనంటాయి. ఇళ్లు తాకట్టు పెట్టి కొన్నవాళ్లూ ఉన్నారు. 1990 తర్వాత ఆ బుడగ పేలింది. సరదాకి కొన్నవాళ్లు ఆదివారం షికారుకు వెళ్లొచ్చారు. లాభానికి కొన్నవాళ్లు గ్యారేజీలో కవరు కప్పి పెట్టారు. కదలని కారుకు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో తుప్పు చేరుతుంది. నడపకపోవడం కూడా ఖర్చే మరి.

అందుకే అనుభవమున్నవాళ్లు పాత ఇటాలియన్ కారు బేరానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్తారు. తలుపు అడుగున, చక్రాల చుట్టూ ఆనించి చూస్తారు. ఇనుము ఉండాల్సినచోట అంటుకోలేదంటే రంగు కింద ఉన్నది రేకు కాదు, లప్పం. తర్వాత సర్వీసు కాగితాలు అడుగుతారు. బెల్టు ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు? తర్వాత బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తారు, ఇంజిన్ నడుమ ఉంటే వెనక మూత మీద. వెచ్చగా తగిలిందా, అమ్మేవాడు ముందే స్టార్టు చేసి ఉంచాడన్నమాట. అలాంటప్పుడు టీ తాగొస్తామని చెప్పి రెండు మూడు గంటలు ఆగడమే మంచిది. ఆ కాలపు ఫెరారీల్లో గేర్ ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడనంటుంది. మొదటి గేరు నుంచి నేరుగా మూడుకు వెళ్లి, కొన్ని కిలోమీటర్లు పోయాక గానీ రెండు జోలికి పోరు దాని యజమానులు. అది జబ్బు కాదు, స్వభావం. బాగా వేడెక్కాక కూడా రెండో గేరు గరగరలాడితే మాత్రం అది జబ్బే. తాళాలు ఆయన చేతికే ఇచ్చేసి రావాలి.