గంగిరెద్దులా తలూపని ఎంపీలు

"సొంత పార్టీ ఎంపీలనే అదుపులో పెట్టుకోలేనివాడు దేశాన్నేం ఏలుతాడండీ?"

2025 జూలైలో ఒక మిత్రుడి ఇంట్లో భోజనాల దగ్గర విన్న మాట ఇది. అన్నాయన లోకం తెలియనివారేమీ కాదు. ఇరవై ఏళ్ళుగా బ్రిటన్లో ఉంటూ, ఇక్కడ పన్నులు కడుతూ, ఇక్కడ ఓటు వేస్తున్న పెద్దమనిషి. చుట్టూ ఉన్న పదిమందీ అవునన్నట్టు తలలూపారు. "మన దగ్గరైతేనా, అధిష్టానం కన్నెర్ర చేస్తే ఒక్కడు నోరెత్తడు" అని ఇంకొకాయన గర్వంగా అందుకున్నారు. గర్వంగా! నాకు ముద్ద దిగలేదు. ఆ రోజు మొహమాటానికి ఊరుకున్నాను. అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2024 జూలై ఎన్నికల్లో లేబర్ పార్టీ 411 సీట్లు గెలిచింది. ఏడాది తిరిగేసరికి కీర్ స్టార్మర్ ప్రభుత్వం వికలాంగులకూ దీర్ఘకాల రోగులకూ ఇచ్చే భృతికి అర్హతలు బిగించి, సాలీనా సుమారు 500 కోట్ల పౌండ్లు మిగుల్చుకుందామని బిల్లు తెచ్చింది. 120 మందికి పైగా లేబర్ ఎంపీలు ఆ బిల్లును అడ్డుకునే సవరణ మీద సంతకాలు పెట్టారు. ప్రభుత్వం మొదట బెదిరించింది, తర్వాత బుజ్జగించింది. ఇప్పటికే భృతి తీసుకుంటున్నవాళ్ళ జోలికి రామంది. అదీ చాలలేదు. జూలై 1న సభలో చర్చ జరుగుతుండగానే వివాదాస్పదమైన ఆ భాగాన్ని బిల్లులోంచి తీసేస్తున్నామని మంత్రి లేచి ప్రకటించాల్సి వచ్చింది. అంత జరిగాక కూడా 49 మంది లేబర్ ఎంపీలు వ్యతిరేకంగానే ఓటేశారు. బిల్లు 335-260 ఓట్లతో నెగ్గింది, కానీ కోరలు పీకేశాక!

దీన్ని మా మిత్రులు "అసమర్థత" అన్నారు. నేను దీన్ని పార్లమెంటు తన పని తాను చేయడం అంటాను.

విప్ అంటే కొరడాయే, కానీ...

ఇక్కడి పద్ధతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ప్రతి పార్టీ తన సభ్యులకు వారం వారం విప్ పంపుతుంది. ముఖ్యమైన ఓటింగు కింద మూడు గీతలు గీస్తారు. మూడు గీతలుంటే రావాలి, చెప్పినట్టు ఓటు వేయాలి. గంట మోగిన ఎనిమిది నిమిషాల్లో సభ్యుడు తన కాళ్ళతో నడిచి "అవును" అనేవాళ్ళ లాబీలోకో, "కాదు" అనేవాళ్ళ లాబీలోకో వెళ్ళాలి. తన పార్టీవాళ్ళంతా ఒక గుమ్మంలోకి వెళ్తుంటే, తాను ప్రత్యర్థులతో కలిసి రెండో గుమ్మం వైపు నడవాలి. విప్‌లు పక్కనే నిలబడి చూస్తుంటారు. మంత్రి పదవి ఆశలు ఆ నాలుగడుగుల్లోనే ఆవిరి కావచ్చు.

అయినా ఒక్కటి మాత్రం పోదు. అది ఎంపీ పదవి. పార్టీ మహా అయితే విప్ వెనక్కి తీసుకుంటుంది, అంటే సభలో అతన్ని తన సభ్యుడిగా లెక్కపెట్టదు. నియోజకవర్గం ప్రజలు ఇచ్చిన సీటును పార్టీ లాక్కోలేదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

గీత దాటినవాళ్ళు ఏం సాధించారు?

2003 మార్చి 18. ఇరాక్ యుద్ధంపై ఓటింగు. యుద్ధానికి తగిన కారణం ఇంకా రుజువు కాలేదన్న సవరణకు 139 మంది లేబర్ ఎంపీలు ఓటేశారు, తమ ప్రధాని టోనీ బ్లెయిర్ ఎదురుగా కూర్చుని ఉండగా! అంతకు ముందు రోజే రాబిన్ కుక్ మంత్రి పదవి వదులుకున్నారు. ప్రతిపక్ష కన్సర్వేటివ్‌ల అండతో బ్లెయిర్ నెగ్గారు, యుద్ధానికి అనుమతి 412-149తో దొరికింది. మరి పదమూడేళ్ళ తర్వాత, 2016 జూలైలో చిల్కాట్ నివేదిక ఏం తేల్చింది? శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని. ఆ రోజు "క్రమశిక్షణ లేనివాళ్ళు" ఎవరు, కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళు ఎవరు?

2005 నవంబర్ 9. జూలైలో లండన్ బాంబు పేలుళ్ళు జరిగి నాలుగు నెలలే అయింది. జనం భయంతో ఉన్నారు. ఉగ్రవాద అనుమానితులను అభియోగం లేకుండా 90 రోజులు నిర్బంధించే అధికారం కావాలని ప్రభుత్వం అడిగింది. 49 మంది లేబర్ ఎంపీలు కాదన్నారు. 322-291తో ప్రభుత్వం ఓడింది. ప్రధానిగా బ్లెయిర్‌కు కామన్స్‌లో అదే తొలి ఓటమి. సభ 28 రోజులకే ఒప్పుకుంది. తర్వాత 2011లో అది 14 రోజులకు దిగింది. చామనఛాయ ఒంటితో, నోరు తిరగని ఇంటిపేరుతో ఈ దేశంలో విమానం దిగే మనకు ఆ ఓటు విలువ ఎవరైనా ప్రత్యేకంగా చెప్పాలా?

"ప్రజలు ఓటేసింది పార్టీకి కదా, మనిషికి కాదు కదా" అనేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. అయితే 2004 జనవరి 27 సంగతి చూడండి. విశ్వవిద్యాలయాల్లో అదనపు ఫీజులు పెట్టబోమని లేబర్ పార్టీ 2001 మ్యానిఫెస్టోలో రాసుకుంది. గెలిచాక ఆ ఫీజుల బిల్లునే తెచ్చింది. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య! 72 మంది లేబర్ ఎంపీలు ఎదురు తిరిగారు, బిల్లు 316-311తో, అంటే అయిదంటే అయిదు ఓట్లతో బయటపడింది. ఇందులో పార్టీ మాట మీద నిలబడింది ఎవరు? నాయకుడా, తిరుగుబాటుదార్లా? పార్టీ అంటే నాయకుడి ఇవాళ్టి మూడ్ అనుకుంటే తప్ప, ఈ ప్రశ్నకు రెండో జవాబు లేదు.

అందరూ మహాత్ములేం కారు

గీత దాటిన ప్రతివాడికీ హారతి పట్టమని నేననడం లేదు. 1935లో భారత ప్రభుత్వ చట్టం బిల్లు వచ్చినప్పుడు సొంత కన్సర్వేటివ్ పార్టీపై తిరగబడినవాళ్ళకు నాయకుడెవరో తెలుసా? విన్‌స్టన్ చర్చిల్. మనకు ఆ కాస్త స్వపరిపాలన కూడా ఇవ్వకూడదని ఆయన పోరాటం! ఓడిపోయారు, మన అదృష్టం. అదే చర్చిల్ అయిదేళ్ళకు ప్రధాని అయ్యింది కూడా వెనక బెంచీల తిరుగుబాటు వల్లనే. 1940 మే 8న నార్వే వైఫల్యంపై ఓటింగులో చాంబర్లేన్ 281-200తో గెలిచారు, కానీ సొంతవాళ్ళు నలభై మంది దాకా ఎదురు ఓటేసేసరికి ఆ గెలుపుకు విలువ లేకపోయింది. రెండో రోజుకు కుర్చీ దిగారు.

ఇక ఆత్మవంచన సంగతి. 2019 జనవరి 15న థెరిసా మే బ్రెగ్జిట్ ఒప్పందాన్ని 432-202తో ఓడించిన 118 మంది కన్సర్వేటివ్‌లలో బోరిస్ జాన్సన్ ఒకరు. అదే ఏడాది సెప్టెంబర్ 3న తన మాట కాదన్న 21 మందిపై ప్రధానిగా వేటు వేసింది కూడా ఆ జాన్సనే. వాళ్ళలో చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ కూడా ఉన్నారు! లేబర్ వైపు చూస్తే జెరెమీ కార్బిన్ తన పార్టీ ప్రభుత్వంలో ఉన్న పదమూడేళ్ళలో నాలుగు వందల సార్లకు పైగా విప్ ధిక్కరించారు. నాయకుడయ్యాక 2017 ఫిబ్రవరిలో ఆయనే మూడు గీతల విప్ ఇస్తే 47 మంది లెక్క చేయలేదు. అత్తా ఒకప్పటి కోడలే మరి.

కాబట్టి ఏ ఎంపీ ఏ కారణంతో గీత దాటాడో చూసి మెచ్చుకుందాం, తిడదాం. కానీ దాటే హక్కు ఉండాలి. చర్చిల్‌ది తప్పని సభలో ఓటుతో తేలింది, చర్చిల్ నోరు కట్టేసి కాదు.

మన దగ్గర గర్వపడే సంగతేనా?

ఇప్పుడు ఆ రెండో పెద్దాయన గర్వం దగ్గరికి వస్తాను. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో మనకు పదో షెడ్యూలు వచ్చింది. 1967లో హర్యానాలో మొదలైన ఆయారాం గయారాం సంతలు, 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించిన తీరు చూసినవాళ్ళకు అలాంటి చట్టం ఎందుకు కావాల్సి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఉద్దేశం మంచిదే. అయితే చట్టంలో ఏం రాశారు? పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటు వేసినా, వేయకుండా ఊరుకున్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వమే పోతుంది. అది విశ్వాస పరీక్ష అయినా ఒకటే, మామూలు బిల్లయినా ఒకటే.

మరి అమ్ముడుపోవడం ఆగిందా? 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్సీపీ టికెట్‌పై గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్ళారు, 2017లో వాళ్ళలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు "విలీనం" పేరుతో టీఆర్ఎస్‌లో కలిశారు. 2023 ఎన్నికల తర్వాత గాలి తిరిగింది, బీఆర్ఎస్ వాళ్ళు కాంగ్రెస్ వైపు నడిచారు. పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఏ పార్టీనీ వదిలిపెట్టకుండానే చెబుతున్నాను, ఎవరి అభిమానులూ నా మీద విరుచుకుపడక్కర్లేదు! తీర్పు చెప్పాల్సిన స్పీకర్ పాలక పక్షం మనిషి. కంచే చేను మేస్తుంటే కాపలా ఎవరికి?

అంటే లెక్క ఇలా తేలింది. పార్టీ మారి మంత్రి కావచ్చు, సీటు పోదు. పార్టీలోనే ఉండి "ఈ బిల్లు నా రైతుకు నష్టం" అని ఓటేస్తే మాత్రం సీటు పోతుంది! దొంగకు తలుపు తీసి, నిజాయితీపరుడికి తాళం వేసిన చట్టం ఇది. విప్ భయాన్ని విశ్వాస తీర్మానం, ద్రవ్య బిల్లు లాంటి వాటికే పరిమితం చేయమని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. మనీశ్ తివారీ 2010లో ప్రైవేటు బిల్లు కూడా పెట్టారు. ఏ అధిష్టానానికి పట్టింది? గంగిరెద్దు తల ఊపడం మానేస్తే ఆడించేవాడికి గిట్టుబాటు కాదు కదా.

ఇందులో మన వాటా

"ఇదంతా బాగుంది, మనకేంటి?" అంటారా? ఉంది. 2006 నవంబర్‌లో హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పథకం నిబంధనలు మార్చి, అప్పటికే ఇక్కడున్నవాళ్ళకు కూడా వర్తింపజేశారు. ఉద్యోగాలు వదులుకుని, ఇళ్ళు అమ్ముకుని వచ్చిన మనవాళ్ళు ఎంతమంది ఆ రోజుల్లో నిద్రపోలేదో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2008 ఏప్రిల్‌లో హైకోర్టు అది అన్యాయమని చెప్పేదాకా న్యాయం దొరకలేదు. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం మళ్ళీ అదే దారి పట్టింది. శాశ్వత నివాసానికి మామూలు గడువును 5 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళకు పెంచాలని ప్రతిపాదన. అదే ఏడాది నవంబర్‌లో సంప్రదింపులకు పెట్టినప్పుడు, ఇప్పటికే ఇక్కడున్నవాళ్ళను కూడా అందులో కలిపారు.

ఇలాంటి మార్పులు చాలావరకు బిల్లుగా రావు. హోం మంత్రి నిబంధనల మార్పు పత్రం సభ ముందు పెడతారు. 40 రోజుల్లో ఏదో ఒక సభ తిరస్కరించకపోతే అది అమలే. అంటే ఓటింగు దాకా రాకముందే పాలకపక్షం వెనక బెంచీల్లో గొణుగుడు మొదలవ్వాలి. 2025 జూలైలో వికలాంగుల భృతిని కాపాడింది అలాంటి గొణుగుడే. ఆ ఎంపీలకు ధైర్యం ఆకాశంలోంచి ఊడిపడలేదు. నియోజకవర్గంలో జనం ఉత్తరాలు రాశారు, వారాంతపు సర్జరీల్లో వరుసల్లో నిలబడి తమ గోడు చెప్పుకున్నారు.

మనమేం చేస్తున్నాం? ఎంపీని దీపావళి సంబరాలకు పిలుస్తాం, శాలువా కప్పుతాం, పక్కన నిలబడి ఫొటో దిగుతాం. అక్కడితో సరి! ఆయన ఏ బిల్లుకు ఎటు నడిచాడో ఒక్కసారైనా చూశామా? ప్రతి ఓటూ పార్లమెంటు వెబ్‌సైటులో పేరుతో సహా ఉంటుంది. వీసా మీద చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుందన్న సంగతి ఇప్పటికీ మనలో సగంమందికి తెలియదంటే నమ్ముతారా? నేను అడిగి చూసిన చోటల్లా ఇదే పరిస్థితి.

మిత్రులారా, ఈసారి మీ ఎంపీ శాలువా కప్పించుకోవడానికి వస్తే ఒక్క ప్రశ్న అడగండి. "మీ నాయకుడు తప్పు చేస్తుంటే, మా కోసం మీరు రెండో గుమ్మం వైపు నడుస్తారా?" జవాబు చెప్పలేకపోతే శాలువా మడిచి ఇంటికి తెచ్చేసుకోండి. చెప్పిన జవాబును మాత్రం రాసి పెట్టుకోండి. గంట మోగిన రోజు ఆయన ఎటు నడిచాడో చూద్దాం.