సాహసం ఎవరి సొత్తు?

పిల్లల చేతికి మంత్రతంత్రాల కథలు ఇవ్వవచ్చా అన్న చర్చ మధ్యతరగతి ఇళ్ళలో ఆగదు. ఇవాళ కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో అది హ్యారీ పాటర్ గురించి అయితే, మన చిన్నతనంలో చందమామ సీరియళ్ళ గురించి. అభ్యంతరం మాత్రం మారలేదు. మాంత్రికులు, రాక్షసులు, బలులు చదివి పిల్లలు జడుసుకుంటారని, మూఢనమ్మకాలు పట్టుకుంటాయని పెద్దల భయం. నా దృష్టిలో ఆ భయానికి అంత ఆధారం లేదు. ఈ కథల్లో దుష్టమాంత్రికుడు చివరికి ఓడిపోవలసినవాడేనని చదివే పిల్లకు ముందే తెలుసు. మనల్ని కలవరపెట్టవలసిన విషయం వేరే ఉంది.

దాసరి సుబ్రహ్మణ్యం గారి 'మాయాసరోవరం' తీసుకుందాం. 1970లలో చందమామలో రచయిత పేరు లేకుండా ధారావాహికగా వచ్చి, తరువాత పుస్తకమయింది. చదవడం మొదలుపెడితే వదలలేం. కనకాక్షరాజు పిల్లలు కాంచనమాల, కాంచనవర్మ ఇద్దరూ అపహరణకు గురవుతారు. చెరపడటంలో ఆడా మగా తేడా లేదు. వెదకబోయేది మాత్రం జయశీలుడు, సిద్ధసాధకుడు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మూడింటిలోనూ దారి తీసేది ఇద్దరు మగవాళ్ళే. ఇది ఒక్క రచయిత లోపం కాదు. మన బాలనాగమ్మ కథలోనూ మాయల ఫకీరు చెరలో ఏళ్ళ తరబడి ఉండేది తల్లి, విడిపించేది కొడుకు.

అడవి, కొండ, రాత్రి, అపరిచితుడు మగపిల్లవాడికి కథావస్తువులు. ఆడపిల్లకు అవే నిషేధాలు. గడప దాటితే అపహరణే అన్న పాఠం ఇంట్లోనూ, కథలోనూ ఒకేసారి అందితే అది ఆమెకు ప్రకృతి ధర్మంలా కనిపిస్తుంది. పితృస్వామ్యం పనిచేసేది ఇలాగే.

వాస్తవం ఈ కథలకంటే ముందుంది. రంగారెడ్డి జిల్లాలో 1990ల నుంచి ఎం.వి. ఫౌండేషన్ శిబిరాలకు వచ్చిన ఆడపిల్లలు పనినీ, ఇంటినీ వదిలి చదువుకోసం బయలుదేరారు. అంతకు మించిన సాహసయాత్ర ఏముంది? ఊహాసాహిత్యం ఆడవాళ్ళకు చేతకాదనడమూ అబద్ధమే. రొకేయా సఖావత్ హుస్సేన్ స్త్రీలు పాలించే రాజ్యాన్ని ఊహించి రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు స్త్రీల పత్రికలోనే అచ్చయింది. చందమామ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే, 1947లో.

అందుకని ఈ పుస్తకాలను దాచిపెట్టమనను. దాచిపెడితే నష్టపోయేది మళ్ళీ ఆడపిల్లే. బస్తీల్లో, భవన నిర్మాణ కూలీల గుడిసెల దగ్గర పిల్లల గ్రంథాలయాలు నడిపే కార్యకర్తలు ఒక పని చేయవచ్చు. కథ చదివి వినిపించి, మధ్యలో ఆపి అడగండి: చెరలో కాంచనమాల ఏం ఆలోచిస్తూ ఉంటుంది? తనే తప్పించుకుంటే ఏ దారిన వెళ్తుంది? జయశీలుడి స్థానంలో నువ్వుంటే? తరువాతి భాగం పిల్లలనే చెప్పనివ్వండి.

ఇంకొక్క మాట. తమ్ముణ్ణి చంకనేసుకుని తలుపు దగ్గరే నిలబడే అమ్మాయి చేతికి ఏ పుస్తకమూ అందదు. తమ్ముడితో సహా ఆమెను లోపలికి పిలవండి. పుస్తకం తగినదా కాదా అన్న విచారణ ఆ తరువాత చేద్దాం.