కాటాకు ముద్ర ఉంది, థర్మామీటరుకు?

రాజపాళయం బజారులో పప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటాను ఏటా తనిఖీ చేయించి ప్రభుత్వ ముద్ర వేయించుకోవాలి. తూనికలు, కొలతల చట్టం అంటే అంతే, మినహాయింపు లేదు. కిలో కందిపప్పు మీద ఇంత పట్టింపు ఉన్న దేశంలో పసిబిడ్డ జ్వరం చూసే చెవి థర్మామీటరును కొన్నాక మళ్లీ సరిచూసిన దాఖలా చిన్న క్లినిక్కుల్లో కనిపించడం అరుదు. గుర్తింపు కోరే పెద్ద ఆసుపత్రులు కాలిబ్రేషన్ చేయిస్తాయి. మిగతావాళ్లకు బ్యాటరీ మార్చడమే మరమ్మతు.

విరుదునగర్ జిల్లాలోని ఈ ఊరు ఇంట్లో తెలుగు మాట్లాడే రాజులకు, నూలు మిల్లులకు పేరుపడింది. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ పనిచోట్ల థర్మల్ స్కానింగ్ తప్పనిసరి చేశాక, నుదుటికి గురిపెట్టే పరికరం దేశమంతటా మిల్లు గేట్లకు చేరింది. ఎండన పడి సైకిలు తొక్కుతూ వచ్చిన కార్మికుడి నుదురు ఎండ సంగతి చెబుతుంది గానీ ఒంటి సంగతి చెప్పదు.

చెవి పరికరం ఆ మేరకు నయం. కర్ణభేరి తల లోపల ఉంటుంది, ఎండ దాన్ని అంత తేలిగ్గా తాకదు. దాని నుంచి వెలువడే పరారుణ కిరణాలను థర్మోపైల్ సెన్సరు క్షణాల్లో పట్టేస్తుంది. చిక్కల్లా చేతిలో ఉంది. పెద్దవాళ్లకైతే చెవిని పైకీ వెనక్కీ, ఏడాదిలోపు పిల్లలకు తిన్నగా వెనక్కీ లాగి పట్టాలి. లేకపోతే కొన కర్ణభేరిని కాక చెవి గోడను చూస్తుంది, అంకె తగ్గుతుంది. కొనకు గులిమి అంటినా తగ్గుతుంది. దిండుకు ఆనిన చెవిలో పెడితే పెరుగుతుంది. గది వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే వాడొద్దని చాలా కంపెనీలే రాస్తాయి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన గదిలో ఆ కాగితం ఎవరు చదువుతారు?

పోనీ, తేడా ఎంత? ప్రయోగశాలలో 37 నుంచి 39 డిగ్రీల మధ్య 0.2 డిగ్రీకి మించి తప్పకూడదని అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణం. వాస్తవం వేరు. పిల్లల మీద జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన సమీక్షలో, మలద్వారంలో చూసిన వేడి కన్నా చెవిలో చూసింది సగటున 0.29 డిగ్రీ తక్కువ. సగటు చిన్నదే. విడివిడిగా చూస్తే చెవి అంకె 1.32 డిగ్రీల దాకా తగ్గొచ్చు, 0.74 దాకా పెరగొచ్చు. 1.32 అంటే ఫారన్‌హీట్‌లో దాదాపు 2.4. మంచి జ్వరం మాయమైపోవడానికి అది చాలు.

సరిచూడడం బ్రహ్మవిద్యేమీ కాదు. కచ్చితంగా తెలిసిన వేడిలో ఉంచిన నీటిలో, లోపల నల్లటి పూత పూసిన గుల్లను ముంచి, దాని నోట్లోకి థర్మామీటరును చూపిస్తారు. దీన్నే బ్లాక్‌బాడీ అంటారు. అయితే కొన్ని చెవి పరికరాలు మనిషి నోట్లో చూసే వేడికి సరిపోయేలా అంకెను సర్ది చూపిస్తాయి. ఆ సర్దుబాటు తెలియకుండా రెండు థర్మామీటర్లను పోల్చి ఒకటి చెడిందనుకోవడం దండగ.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి. ఆ నిఘా ప్రధానంగా తయారీ, దిగుమతి, అమ్మకాల మీద. వాడకంలో ఉన్నవాటికి కాటాకు లాగే ఏటా తనిఖీ, తేదీ వేసిన స్టిక్కరు తప్పనిసరి చేయాలి. నాలుగు వారాల్లోపు శిశువుకు చెవిలో పెట్టకండి, చంకలో డిజిటల్ థర్మామీటరు వాడండి. ఈసారి క్లినిక్కులో ఎవరైనా చెవి థర్మామీటరు తీస్తే, చివరిసారి ఎప్పుడు సరిచూశారో మొహమాటపడకుండా అడగండి.